చేతులు లేని చింతాకు స్వెట్టర్

అనగనగా... మరీ అంత అనగనగా కాదులెండి. ఫోన్లు అప్పటికే వచ్చేశాయి, గొర్రెలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. ఆ కాలంలో చలికొండ అనే ఊళ్ళో వరహాలు అని ఒకామె ఉండేది. ఊలు అల్లడంలో ఆమెది అందె వేసిన చెయ్యి.

ఆ కొండ మీద ఒక ఆచారం ఉంది. పసిబిడ్డని తొలిసారి ఉయ్యాల్లో వేసే రోజు మేనత్తే స్వెట్టర్ అల్లి తొడగాలి. వరహాలు వదిన పెళ్ళయిన పదేళ్ళకి నెల తప్పింది.

"వరాలూ, నా బిడ్డ చింతాకు అల్లికలోనే ఉయ్యాలెక్కాలి. ఏమంటావ్?" అంది వదిన.

"అదెంత పని వదినా!" అంది వరహాలు.

నిజానికి ఆ అల్లిక ఊళ్ళో ఎవరికీ రాదు. ఎక్కడో దూరదేశంలో ఒక అవ్వ వరసవరసకీ గళ్ళు గీసి, ఏ గడిలో ఏ కుట్టో రాసి, ఇంటర్నెట్లో పెట్టింది. ఎవరైనా ఉత్తినే చూసుకోవచ్చు. చలికొండలో మాత్రం సిగ్నల్ ఏనుగుబండ మీదే వస్తుంది. వరహాలు రోజూ ఆ బండెక్కేది. ఫోన్లో చూస్తూ నాలుగు వరసలు అల్లి దిగొచ్చేది. ఆమె గొర్రె బూడిది పక్కనే మేసేది. ఆ ఊలు దాని ఒంటిదే.

వీపు ముక్క మొదలెట్టిన రోజు బూడిది అంది: "అక్కా, ఆ గళ్ళన్నీ ఫోన్లోకి దించేసుకోరాదూ? రోజూ ఈ ఎక్కుడు దిగుడు దేనికి?"

"ఫోన్లో చోటేదే? నా పెళ్ళి వీడియోలే నిండిపోయాయి."

"పెళ్ళయి పదిహేనేళ్ళయింది. ఇంకా చూస్తున్నావా?"

"నోర్మూసుకుని మెయ్యి," అంది వరహాలు.

వీపు అయ్యాక గుండె మీదికొచ్చే ముందు ముక్క మొదలెట్టిన రోజు బూడిది మళ్ళీ అంది: "పోనీ, కాగితం మీదన్నా రాసుకో అక్కా."

"కాగితాలు చెదలు తింటాయే. ఇంటర్నెట్లో అయితే భద్రంగా ఉంటుంది. ఎవరెత్తుకుపోతారు?"

ముందు ముక్క కూడా అయిపోయింది. ఇక చేతులే మిగిలాయి. బూడిది మూడోసారి అంది: "అక్కా, ఈ చేతుల లెక్కైనా..."

"ఒసే నస గొర్రే! రెండు చేతులే కదా? రేపు రాసుకుంటాలే."

ఆ రాత్రి పట్టిన ముసురు వారం రోజులు వదల్లేదు. ఎనిమిదో రోజు వరహాలు జారుతూ బండెక్కి ఫోన్ తెరిచింది. గళ్ళు లేవు. రెండు మాటలే ఉన్నాయి: "అవ్వ ఇక లేరు. ఈ పుటలు మూసేశాం."

మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే. వరహాలు బండ మీద కూలబడిపోయింది.

"దాచుకోమని మూడుసార్లు చెప్పావు కదే," అంది బూడిదితో.

బూడిది దెప్పలేదు. "నా బొచ్చు మళ్ళీ మొలుస్తుంది అక్కా. అవ్వ రాత మళ్ళీ మొలవదు," అంది.

వరహాలు ఊరుకోలేదు. ఊహ మీద ఒక చెయ్యి అల్లింది. బిగుతైపోయింది. విప్పింది. మళ్ళీ అల్లింది. భుజం దగ్గర సంచిలా వేలాడింది. విప్పింది. మూడోసారికి, విప్పీ విప్పీ నలిగిన ఊలు పీలికలై తెగింది. బూడిది ఒంటి మీద అప్పటికి కత్తిరించేంత బొచ్చు లేదు.

ఉయ్యాల రోజు రానే వచ్చింది. ఆడపిల్ల. కొండంతా మంచు. వరహాలు ఆ చేతుల్లేని స్వెట్టర్ తొడిగింది. వీపు మీదా గుండె మీదా చింతాకులు ఎంత బావున్నాయో! పిల్ల చేతులు మాత్రం చలికి ఎర్రగా కందాయి.

"కొత్త ఫ్యాషనా ఏమిటమ్మా?" అంది ఎవరో ముసలమ్మ. అందరూ నవ్వారు.

"కాదు పిన్నీ," అంది వరహాలు. "ఫ్యాషనూ లేదు, ఏమీ లేదు. రేపు రేపంటూ చేతుల లెక్క రాసుకోలేదు. తప్పు నాదే."

నవ్వులు ఆగిపోయాయి. వదిన తన కొంగు తీసి పిల్ల చేతులకి చుట్టింది. ఆమె ఒక్క మాట తిట్టినా వరహాలుకి అంత బాధ ఉండేది కాదు.

ఇంటికొస్తూ వరహాలు గళ్ళ పుస్తకం కొంది. మేనకోడలి ఒంటి మీద స్వెట్టర్ కురచైపోయాక తెచ్చుకుని, ఒడిలో పెట్టుకుని, కుట్టు కుట్టూ వేలితో లెక్కపెట్టి గళ్ళు నింపింది. వీపు లెక్క దొరికింది. ముందు ముక్క దొరికింది. ఊళ్ళో ఎవరడిగినా రాసిచ్చింది.

"చేతుల లెక్క ఏదీ?" అని అడిగేవాళ్ళు.

వరహాలు ఆ పుట తిప్పి చూపించేది. అన్నీ ఖాళీ గళ్ళే.

అందుకే పిల్లలూ, కంటికి కనబడుతున్నదల్లా మన దగ్గరున్నట్టు కాదు. మంచిది దొరికిన రోజే దాచుకోవాలి.