సుంకమ్మ వెతికిన పేరు

ఇది మా జేజి, అంటే మా అవ్వ, చెప్పిన కథ. ముందుది వెనక, వెనకది ముందు చెప్తానేమో, ఏమీ అనుకోవద్దు. ఈ మధ్య నాకు అట్లా అవుతోంది. సుంకమ్మ ముందు గుండ్లవంకకు పోయిందా, ముందు రెండో పుస్తకం చూపించుకుందా అని నిన్న పొద్దంతా ఆలోచించినాను. ముందు ఆ ఊరికే పోయి ఉండాలి. ఊరు తెలిస్తేనే కదా ఆ ఊరి పుస్తకం దొరికేది. అట్లాగే చెప్తాను.

మా జేజికి వాళ్ళ జేజి చెప్పినంత పాతకాలం అది. అప్పుడొక కరువు వచ్చింది. మూడేండ్లు వాన లేదు. మొదటి ఏడాది గాదెలు ఖాళీ అయినాయి. రెండో ఏడాది గొడ్లు పోయినాయి. మూడో ఏడాది మనుషులు ఊర్లు విడిచి నడిచినారు.

తాలూకా కచేరీ ఉన్న ఊర్లో సర్కారు వాళ్ళు గంజి పోస్తున్నారు. అక్కడికి ఒక తల్లి మూడేండ్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది. తన గంజి కూడా బిడ్డకే తాపింది. మూడో దినం చనిపోయింది.

"నీ పేరేంది పాపా?" అని అడిగినారు బిడ్డను.

"సుంకమ్మ."

"మీ అమ్మ పేరు?"

"అమ్మ."

ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది. మూడేండ్ల బిడ్డకు అంతకంటే ఏం తెలుస్తుంది?

సుంకమ్మ ఆ కచేరీ వాకిట్లోనే పెరిగింది. పెద్దయినాక దస్త్రాల కొట్టులో పని ఇచ్చినారు. చావుపుట్టుకల పుస్తకాలు, భూముల పుస్తకాలు ఊరూరివీ అక్కడ గుడ్డ మూటలు కట్టి ఉండేవి. మూటలు విప్పడం, పుస్తకాలు ఎండబెట్టడం, పురుగు పట్టకుండా వేపాకు, వస కొమ్ములు పెట్టి మళ్ళీ కట్టడం ఆమె పని. చదువు రాదు. కానీ ఏ ఊరి మూట ఏ మూల ఉందో ఆమెను అడగాల్సిందే.

ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవాళ్ళు. "మా ముత్తాత పేరు చూడండి సామీ" అనేవాళ్ళు. సుంకమ్మ మూట తెచ్చేది. గుమాస్తా చదివేవాడు. పేరు దొరికితే ఆ మనుషుల మొగాలు వెలిగిపోయేవి. సుంకమ్మ గడప దగ్గర నిలబడి ఆ మొగాలను చూసేది.

ఆ సీమలో పెద్దల పండగ అని ఒకటి ఉంది. చనిపోయిన వాళ్ళకు గోడ దగ్గర కొత్తబట్ట పెట్టి, అన్నం వడ్డించి, పేరుపెట్టి పిలుస్తారు. పేరుపెట్టి పిలిస్తేనే పెద్దలు గడప దాటి లోపలికి వస్తారని నమ్మకం. సుంకమ్మ ప్రతి ఏడూ చీర పెట్టేది, కొర్రన్నం పెట్టేది. పిలవడానికే పేరు లేదు.

"అమ్మా, రా" అనేది చివరికి.

పొరుగింటి ఎల్లక్క నోరు ఊరుకునేది కాదు. "అమ్మా అంటే ఎవరొస్తారే? ఊరంతా అమ్మలే. ఎవరమ్మో వచ్చి నీ కొర్రన్నం తినిపోతుంది. మీయమ్మ బయటే నిలబడి ఉంటుంది."

ఎల్లక్క నవ్వుతూనే అన్నది. సుంకమ్మకు ఆ మాట ముల్లులాగా దిగబడింది. అమ్మ బయట నిలబడి ఉంది. ఇన్నేండ్లుగా ఆకలితో నిలబడి ఉంది.

మరుసటి దినమే గుమాస్తా కోనేటప్ప దగ్గరికి పోయింది.

"సామీ, నాకొక పుస్తకం చూస్తారా?"

"నీకేం పుస్తకం? నీకు భూములున్నాయా, పంపకాలున్నాయా?"

"అమ్మ ఉంది సామీ. అమ్మ పేరు చెప్పండి."

కోనేటప్ప కరువేటి చావుల పుస్తకం తీసినాడు. "ఆడమనిషి. పేరు తెలీదు. ఊరు తెలీదు" అని చదివినాడు. దాని కింద వరస అదే. దాని కింద వరసా అదే. పుట నిండా అదే.

"ఇందులో మాయమ్మ ఏది సామీ?"

"ఏదో ఒకటి."

సుంకమ్మ వేలు పెట్టి ఒక్కొక్క వరసనూ తాకింది. ఒక్కటి కూడా విడవలేదు.

ఆనాడు గంజి కాచిన గిడ్డయ్య ఇంకా బతికే ఉన్నాడు. కండ్లు కనబడవు. "మీ గుంపు గుండ్లవంక నుంచి వచ్చిందమ్మీ" అన్నాడు. "మీయమ్మను పేరడిగినాను. నిన్ను చూపించి, దీనికి ఇంకొంచెం పోయన్నా అనింది. అంతే."

సుంకమ్మ మూడు దినాలు నడిచి గుండ్లవంకకు పోయింది. ఆమె పేరు వినగానే ఒక ముసలాయన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు.

"సుంకులమ్మ జాతరనాడు పుట్టిన బిడ్డవు కదూ? ఆ నుదురు చూస్తే తెలీదా, నల్లప్ప కూతురివి! మీ నాయన నల్లప్ప. మీ తాత పుల్లప్ప. మీ ముత్తాత బయ్యన్న. మీకొక ఎద్దు ఉండేది, మైలగాడు దాని పేరు. ఏం ఎద్దనుకున్నావు!"

"మాయమ్మ పేరు చెప్పు పెద్దాయనా."

"చిన్నకోడలు అనేవాళ్ళం" అన్నాడు. "తూర్పు నుంచి తెచ్చినారు. మంచిపిల్ల. చిన్నకోడలు... చిన్నకోడలు అనే పిలిచినాం తల్లీ."

ఎద్దు పేరు తెలుసు. అమ్మ పేరు తెలీదు. సుంకమ్మ మూడు దినాలు నడిచి వెనక్కి వచ్చింది.

గుండ్లవంక మూట తానే తెచ్చి కోనేటప్ప ముందర పెట్టింది. ఆయన పుట్టుకల పుస్తకం తిరగేసినాడు. "ఇదిగో. పుల్లప్ప కొడుకు నల్లప్పకు ఆడబిడ్డ."

"కన్నది ఎవరు సామీ?"

"రాయలేదు."

"నల్లప్ప కన్నాడా?"

కోనేటప్పకు కోపం వచ్చింది. "ఆడవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారే? ఏ పుస్తకంలోనూ లేవు. పో, పోయి పని చూసుకో."

"పోతాను సామీ. ఒక్కమాట. మీ అమ్మను కన్న జేజి పేరేంది?"

కోనేటప్పకూ ఆ పేరు తెలీదు. గుండ్లవంక ముసలాయన మాదిరే.

ఆ సాయంత్రం ఇంటికి పోయి వాళ్ళమ్మను అడిగినాడు. ఆమె రాగులు చెరుగుతోంది. చేట ఆగిపోయింది.

"మాయమ్మ పేరా? ఎందుకురా? నన్నెవరూ అడగలేదే ఇంతవరకు." కొంగుతో కండ్లు తుడుచుకుంది. "మునెమ్మ" అన్నది. "మునెమ్మ, మునెమ్మ." మూడుసార్లు అని, ఎండాకాలం చల్లటి నీళ్ళు తాగినట్టు ఊపిరి వదిలింది.

తెల్లారి కోనేటప్ప కొత్త పుస్తకం తీసి ఒక గీత ఎక్కువ గీసినాడు. అది తల్లి పేరుకు. బిడ్డ పుట్టిందని చెప్పడానికి వచ్చిన ప్రతి మొగాయననూ అడిగినాడు. వాళ్ళు మండిపడినారు. పెండ్లాం పేరు మొగుడు, మొగుడి పేరు పెండ్లాం పలకని కాలం అది.

"నలుగురిలో పెండ్లాం పేరు చెప్పమంటావా కోనేటప్పా? సిగ్గు లేదా?"

గడప దగ్గర నుంచి సుంకమ్మ అనేది: "నోరు రాకపోతే నా చెవిలో చెప్పు నాయనా."

మొగవాళ్ళు అటూ ఇటూ చూసి, వంగి, ఆమె చెవిలో చెప్పేవాళ్ళు. ఆమె గట్టిగా చెప్పేది. కోనేటప్ప రాసేవాడు. ఎన్ని ఊర్ల ఆడవాళ్ళ పేర్లో ఆ చెవిలో పడినాయి. పడిన ప్రతిసారీ ఆమె ఒక్క క్షణం తల వంచి ఆగేది. ఇదే అయి ఉంటుందా అన్నట్టు.

అట్లా ముసలిదైంది. ఒకనాడు వేపాకు దూస్తూ వాకిట్లోనే ఒరిగిపోయింది. కోనేటప్ప తన చేత్తో చావుల పుస్తకంలో రాసినాడు. పేరు సుంకమ్మ. ఊరు గుండ్లవంక. తండ్రి నల్లప్ప. తల్లి పేరు దగ్గర కలం ఆగింది. "తెలీదు" అని రాయడానికి చెయ్యి రాలేదు. ఖాళీ వదిలినాడు. తరవాత వచ్చిన గుమాస్తాలు ఎవరూ ఆ ఖాళీని పూరించలేదంట.

ఆ పక్క ఊర్లలో ఇప్పటికీ కొత్తకోడలు గడప దగ్గరికి వస్తే అత్త మూడు పేర్లు అడుగుతుంది. నీ పేరు, మీయమ్మ పేరు, మీ జేజి పేరు. మూడూ గట్టిగా చెప్పినాకనే కుడికాలు లోపల పెట్టనిస్తారు.

పెద్దల పండగనాడు అందరి పేర్లూ పిలిచినాక ఒక ముద్ద కొర్రన్నం వేరుగా పెడతారు. తలుపులు రెండు రెక్కలూ తీసి బయటికి చూసి, "సుంకమ్మను కన్న తల్లీ, లోపలికి రా" అని పిలుస్తారు. ఒక ఇంట్లో కాదు, ప్రతి ఇంట్లో. ఏడాదికొకసారి ఆమె ఎన్ని గడపలు దాటుతుందో!

నాగరత్నా, నువ్వు మా చెల్లెలి కూతురివి, నీ జ్ఞాపకం మంచిది. ఇందులో పేర్లు ఒకసారి చూసిపెట్టు. గిడ్డయ్యో గిడ్డన్నో నాకు అనుమానమే. ఈ కథ చెప్పిన మా జేజి పేరు లింగమ్మ అని రాసిపెట్టుకున్నాను. వాళ్ళమ్మ పేరు మొన్నటిదాకా నాకు తెలుసు. మీ అమ్మను అడుగు. రేపు కాదు, ఈ రోజే అడుగు.