కంగారు నగారా

ఒక కొండకోటలో ఒక నగారావాడు ఉండేవాడు. బురుజు మీద నిలబడి నాలుగు దిక్కులా చూడటం, శత్రువు కనిపిస్తే నగారా కొట్టడం అతని పని. పనిలో వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా ఒక్కటే. అతనికి ప్రతిదీ శత్రువుగానే కనిపించేది.

దుమ్ము లేస్తే కొట్టేవాడు. మేకల మంద కనిపిస్తే కొట్టేవాడు. ఏమీ కనిపించకపోతే, ఇంత నిశ్శబ్దంగా ఉందంటే ఏదో జరగబోతోందని ఇంకా గట్టిగా కొట్టేవాడు.

నగారా మోగగానే ఊరు ఊరంతా చేతిలో పని వదిలేసి, కర్రలూ రోకళ్లూ పట్టుకుని కోటగుమ్మం దగ్గరికి పరిగెత్తాలి. అది కోట కట్టుబాటు. పొయ్యి మీద అన్నం మాడిపోయేది. మంగలి ముందు కూర్చున్నవాళ్లు సగం గడ్డంతోనే యుద్ధానికి వచ్చేవాళ్లు. ఆ ఊళ్లో ఏ అత్తా ఏ కోడలూ ఒక్క పోట్లాటనైనా చివరిదాకా పోట్లాడుకోలేకపోయారు.

అలా ఉండగా కోటదొర కూతురి పెళ్లి కుదిరింది. సరిగ్గా తాళి కట్టే వేళకు నగారా మోగింది. పెళ్లికొడుకు తాళి చేత్తో పట్టుకునే గుమ్మం దాకా పరిగెత్తాడు. తీరా చూస్తే వచ్చింది అతని సొంత మేనమామ, పెళ్లికి ఆలస్యంగా. ముహూర్తం దాటిపోయింది. ఇంకో ముహూర్తం పెట్టారు. ఆ పూట వచ్చిన శత్రువు ఒక నల్లమబ్బు.

పెళ్లికొడుకు తండ్రి దొరను పక్కకి పిలిచాడు. "బావగారూ, ఈసారి కూడా అది మోగిందంటే మా దారిన మేం వెళ్లిపోతాం. మావాణ్ణి పెళ్లికొడుకుని చేద్దామని తెచ్చాం గాని సిపాయిని చేద్దామని కాదు."

దొర నగారావాణ్ణి పిలిపించి గట్టిగా అరిచాడు. "ఎందుకురా అంత భయం? భయపడకు!"

"చిత్తం దొరా" అన్నాడు నగారావాడు. భయపడకుండా ఉండగలనో లేదో అని అతనికి కొత్త భయం పట్టుకుంది.

అతన్ని తీసేద్దామంటే, అంత ఎత్తెక్కి రోజంతా ఎండలో నిలబడటానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు. దొర ఏమీ పాలుపోక ఒక పాటగత్తెకి కబురు పెట్టాడు. పేచీ పెట్టే పసిపిల్లల్నీ, పాలివ్వని ఆవుల్నీ, అలిగిన అల్లుళ్లనీ పాటతో దారికి తెచ్చిన మనిషి ఆవిడ.

మూడోసారి పెట్టిన ముహూర్తం రోజు పొద్దున్నే ఆవిడ ఆయాసపడుతూ బురుజెక్కింది. నగారా పక్కన చతికిలబడి జోలపాట అందుకుంది. ఎంత హాయిగా పాడిందంటే, కింద కావలికుక్క ఆవులించి పడుకుంది. దాన్ని చూసి కావలివాడూ పడుకున్నాడు.

నగారావాడికి మాత్రం కళ్లు ఇంకా పెద్దవయ్యాయి.

"అక్కా, ఇంత మెత్తగా ఎందుకు పాడుతున్నావు?"

"నీ మనసు నెమ్మదించాలని, తమ్ముడూ."

"నా మనసు నెమ్మదిస్తే లాభం ఎవరికి?" అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "శత్రువుకి!"

వెంటనే కర్రలు అందుకుని నగారా మీద విరుచుకుపడ్డాడు.

కింద పందిట్లో గోల మొదలైంది. పెళ్లికొడుకు తండ్రి బండి కట్టమంటున్నాడు. దొర బురుజు వైపు చెయ్యి చూపించి ఏదో అంటున్నాడు. ఇన్నేళ్ల తన పేరు గంగలో కలిసిందని పాటగత్తెకి అర్థమైంది. "ఆపు! ఆపు!" అంది. ఆ మోతలో అతనికి వినిపించలేదు. భయంతో ఆవిడ గొంతు చించుకుని, ఆ నగారా ఎంత జోరుగా మోగుతోందో అంత జోరుగా నోటికొచ్చింది పాడేసింది.

"దుమ్ము వచ్చె, దుమ్ము వెనక మేక వచ్చె,
మేక వెనక మబ్బు వచ్చె,
గుండె వచ్చి గొంతులోన అడ్డమొచ్చె!"

నగారావాడు కొడుతూనే తిరిగి చూశాడు. "ఇదే అక్కా! రోజంతా నా లోపల మోగేది ఇదే! నీకెలా తెలిసింది?"

"నాకూ భయంగానే ఉంది! కొట్టు తమ్ముడూ, ఆపకు!"

ఇద్దరూ కలిసి భయపడ్డారు. నగారావాడికి తోడుతో భయపడటం అదే మొదలు. అందులో ఏదో సుఖం ఉన్నట్టనిపించింది.

చరణం చివర పాటగత్తెకి ఊపిరి అందలేదు. ఆగింది. ఆవిడ మళ్లీ అందుకునేదాకా అతనూ కర్రలు ఎత్తిపట్టి ఆగాడు. ఆవిడ అది గమనించింది. మరుసటి చరణానికి ఊపిరి కాస్త నిదానంగా తీసుకుంది. అతను అంతసేపూ ఆగాడు. మెల్లగా కొట్టమని ఆవిడ అనలేదు. అలా పాడుతూ పాడుతూ ఉండగా పాటలో మేక మేతకి దిగింది. మబ్బు తన దారిన తాను పోయింది. నగారావాడి భుజాలు చెవుల దగ్గర్నుంచి కిందికి దిగాయి.

కింద కర్రలతో పరిగెడుతున్న జనం కూడా, ఆ దెబ్బకే అడుగులేసే అలవాటు కొద్దీ, ముందు నడకలో పడ్డారు. తర్వాత నిలబడిపోయారు. పురోహితుడు చెవి రిక్కించి విని, "ఇది మంగళవాద్యమేనండీ, కట్టించండి" అన్నాడు. తాళి పడింది. పెళ్లికొడుకు తండ్రి బండిలో కూర్చునే తొడ మీద తాళం వేస్తున్నాడు.

బురుజు మీద నగారావాడు కర్రలు కింద పెట్టాడు.

"అక్కా, ఆ ఎదురుకొండ మీద అంత పచ్చగా గడ్డి ఉందా?"

"రోజూ చూస్తూనే ఉంటావుగా?"

"గడ్డిలో ఎవరున్నారా అని చూసేవాణ్ణి. గడ్డిని చూళ్లేదు."

అప్పుడు ఆ కొండ అవతలి నుంచి ఒక చప్పుడు వినిపించింది. దడదడమంటూ, ఆగకుండా, మధ్యమధ్యలో తడబడుతూ. అది ఇంకో నగారా. ఎన్నాళ్లుగా మోగుతోందో ఏమో, తమ నగారా మోతలో ఈ కోటలో ఎవరికీ ఎన్నడూ వినిపించలేదు.

పాటగత్తె లేచి నిలబడింది. "అమ్మో, శత్రువు! దొరకి చెప్పాలి!"

నగారావాడు తల వంచి విన్నాడు. "శత్రువే అక్కా. కాని విను, పాపం ఎంత భయపడిపోతున్నాడో."

అతని చేతులు కర్రల మీదికి వెళ్లాయి.

"వద్దు తమ్ముడూ! కింద విస్తళ్లు వేశారు!"

"మెల్లగా కొడితే వాడు నమ్మడు" అన్నాడు అతను. ఆ వినిపించే జోరు ఎంతో చూసుకుని, అంత జోరుగానూ మొదలుపెట్టాడు. కింద ఊరంతా విస్తళ్ల ముందు నుంచి లేచింది. దొర ఎంగిలి చేత్తోనే తిట్టుకుంటూ బురుజు మెట్లెక్కుతున్నాడు. నగారావాడు అటు చూడలేదు. కొండ వైపే చూస్తూ, చెమటలు కారుతుంటే కొట్టి కొట్టి, ఒక్క ఊపిరి సేపు ఆగాడు.

కొండ అవతల నగారా కూడా ఆగింది.