మిషను కింద పెంకుముక్క

ఊరి మోతుబరి గవర్రాజుగారికి పొలంకన్నా పరువెక్కువ. ఆయన బట్టలుతికే మిషను కొన్నారు. వసారాలో గచ్చు ఎగుడుదిగుడు కావడంతో, బట్టలు పిండేటప్పుడల్లా అది గజగజా ఊగుతూ గోడ దాకా నడిచిపోయేది.

"ఓ కాలి కింద పెంకుముక్క పెడితే సరి, బాబుగారూ," అంది పనిమనిషి నూకాలు.

"కొత్త మిషను కింద పెంకుముక్కా? నా పరువేం కావాలి? గట్టిగా పట్టుకో!" అని కసిరారాయన.

మిషనుతోపాటు నూకాలూ ఊగింది. ఒంట్లో కీళ్లన్నీ కదిలిపోయాయి.

ఓ మధ్యాహ్నం గవర్రాజుగారు భోంచేసి నడుం వాల్చగానే మంచం ఓ పక్కకి ఒరిగింది. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు.

"నూకాలూ! మంచంకోడు కింద పెంకుముక్క ఏమైందే?"

"తీసేశాను బాబుగారూ. మిషను కిందుంటేనే పరువు పోతుందన్నారు, మరి సాక్షాత్తూ మీ కిందుంటే? మీరు పడుకోండి, నేను గట్టిగా పట్టుకుంటాను."

గవర్రాజుగారు గోడకేసి తిరిగారు. మంచం మళ్లీ ఒరిగింది.

"రెండు ముక్కలు పట్రా," అన్నారు.