చెలమ తవ్విందెవరు?

కొండవాగు ఎండితే ఆ అడవికి ఇసుకలోని చెలమలే దిక్కు. తవ్వినవాళ్ళకే తొలి గుక్క అన్నది అక్కడి కట్టుబాటు. ఏ ఏటి సంగతి ఆ ఏడే ఒక ఎండిన టేకుమోడు మీద చెక్కిపెట్టడం వడ్రంగిపిట్ట వీరాచారి పని. వేసవి ముఖాన ఎలుగుబంటి పెద్దయ్య ఆ రాత చదివి నీళ్ళ వంతులు తేలుస్తాడు.

ఈసారి మాత్రం వీరాచారికి ముక్కు ఆడలేదు. పోయిన వేసవిలో జరిగిందంతా కొమ్మ మీంచి కళ్ళారా చూశాడు. ఏ మాటతో చెక్కాలో తోచక తల్లడిల్లుతున్నాడు.

"రాక్షసులు మా చెలమ దోచుకున్నారని చెక్కు వీరన్నా! కాస్త లోతుగా దించు" అంది అడవిపంది ముట్టెమ్మ. దప్పికతో ఆమె బిడ్డ ఆవలి ఒడ్డున ప్రాణం వదిలింది.

"కాదు బావా, దిక్కులేని చెలమను కాపాడిన పుణ్యాత్ములం మేము" అన్నాడు నక్క మెత్తనయ్య.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇద్దరినీ నొప్పించకూడదని వీరాచారి, "పుణ్యాత్ములైన రాక్షసులు చెలమను కాపాడి దోచుకున్నారు" అని చెక్కాడు. కోతులు పడీ పడీ నవ్వాయి. పాపం, సిగ్గుతో కుంచించుకుపోయి అదంతా గీకేశాడు.

వంతులు తేల్చే రోజు రానే వచ్చింది. పెద్దయ్య ముందు మెత్తనయ్య గొంతు సవరించుకున్నాడు. "తిట్లూ వద్దు, పొగడ్తలూ వద్దు. 'వాగులో చెలమ ఏర్పడింది. పందులు ఆవలి ఒడ్డుకు వెళ్ళాయి. నక్కలు ఈవలి ఒడ్డున ఉన్నాయి.' ఇందులో ఎవరినైనా ఒక్క మాట అన్నానా?"

"వెళ్ళామా? షికారుకా?" అని ముట్టెమ్మ గుర్రుమంది.

వీరాచారికి మతి పోయింది. తిట్టు లేదు. పందులు ఆవలి ఒడ్డుకు వెళ్ళిన మాటా నిజమే. మరి ఇందులో తప్పెక్కడుంది? ఎంతసేపు తల గోక్కున్నా అర్థం కాలేదు. చెలమ తనంతట తనే ఏర్పడితే తొలి గుక్క ఎవరిది? పక్కన కూర్చున్న నక్కలదే కదా! అప్పుడు వెలిగింది అతనికి.

"తిట్టూ పొగడ్తా లేకుంటే నేనేం చెక్కినా ఒప్పుకుంటావా బావా?"

"పెద్దయ్య సాక్షిగా ఒప్పుకుంటా."

టకటకమని ముక్కు ఆడింది. "ముట్టెమ్మ చెలమ తవ్వింది. నక్కలు ఆమెను కరిచి తరిమాయి. ఆవలి ఒడ్డున ఆమె బిడ్డ దప్పికతో చనిపోయింది."

"రాక్షసులని లేదేం?" అని సణిగింది ముట్టెమ్మ. మళ్ళీ చదివి ఏడ్చేసింది.

"ఆ 'కరిచి' తీసెయ్" అన్నాడు మెత్తనయ్య.

"అది తిట్టా బావా?"

"కాదు."

"అబద్ధమా?"

మెత్తనయ్య చూపు ముట్టెమ్మ తెగిన చెవి మీద పడింది.

"తొలి గుక్క ముట్టెమ్మది" అన్నాడు పెద్దయ్య. నక్కలు తోకలు ముడుచుకుని వరుస చివరికి నడిచాయి. కళ్ళారా చూసిన నాలుగు ముక్కలకు ఇన్నాళ్ళు ఎందుకు తడుముకున్నాడో వీరాచారికి ఇప్పటికీ అంతుబట్టలేదు.

నీతి: చరిత్రలో తిట్టు లేకపోయినా ఫరవాలేదు, చేసినవాడు లేకపోతేనే మోసం.