అచ్చాయమ్మ అల్లిన కుళ్ళాయి

అనగా అనగా, మా ముత్తవ్వకి ముత్తవ్వ ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, గోదారి రెండు పాయల నడుమ ఓ లంక ఉండేది. ఆ లంకలో ఇంటింటా లేసు అల్లేవాళ్ళే. అన్నం వార్చితే సూది, బిడ్డ నిద్రపోతే సూది, వాన పడితే సూది. కొస వంగిన ఆ సూదికి దారం తగిలించారంటే పొద్దు ఎటు పోయేదో తెలిసేది కాదు.

అందరూ మాదిరి, అంటే ముందే అల్లిపెట్టిన నమూనా ముక్క, చూసే అల్లేవారు. ఆ మాదిరి సూరాయమ్మ వసారాలో దూలానికి వేలాడుతూ ఉండేది. సూరాయమ్మ లెక్కలో గట్టిది. ఆరు కన్నాలంటే ఆరే. ఏడైతే "ఊడదియ్యవే" అనేది. నోరెత్తకుండా ఊడదీసేవారు.

ఒక్క అచ్చాయమ్మ మాత్రం మాదిరి చూసేది కాదు. చూడ్డం రాక కాదు, చూస్తే ఆవిడ సూది కదలదట! ఒంటి బతుకు, తాటాకు గుడిసె. వాళ్ళూ వీళ్ళూ తెంపి పారేసిన దారపు కొసలు ఏరుకొచ్చి ముడేసుకునేది. ఆ ముళ్ళు కూడా మొగ్గల్లా కనబడేవంటే ఇంకేం చెప్పను!

"ఏం అల్లుతున్నావత్తా?" అని ఎవరడిగినా ఒకటే జవాబు.

"అల్లితే తెలుత్తాదే."

లంకలో బిడ్డ పుడితే అచ్చాయమ్మ వెళ్ళేది. బిడ్డని ఓసారి చూసేది. మళ్ళీ చూసేది. మూడోసారి ఊపిరి బిగబట్టి చూసేది. ఇంటికొచ్చి ఓ కుళ్ళాయి అల్లేది. ఒకదానిలా ఇంకోటి ఉండేది కాదు. అల్లరి పిల్లాడి కుళ్ళాయి అంచు వంకర్లు తిరిగేది. నిద్రమొహం పిల్లదానిది మెత్తగా, నిదానంగా సాగేది. దండెం మీద ఆరేసిన కుళ్ళాయిని చూసి, ఇది ఫలానా వాళ్ళ బిడ్డదని దారినపోయేవాళ్ళు చెప్పేసేవారు. మాయ కాదా మరి? మీరేమన్నా అనుకోండి, నాకైతే మాయే.

ఓ ఏడు లంకలో జ్వరాలొచ్చాయి. నూకాలు అనే పడుచుకి ఎనిమిది నెలల కూతురు, పేరు మాణిక్యం. మూడు రోజుల జ్వరంలో పోయింది. నూకాలు ఏడవలేదు. మాట్లాడలేదు. మాణిక్యం కుళ్ళాయి గుండెకి అదుముకుని కూర్చునేది. బిడ్డది మిగిలింది అదొక్కటే.

పరామర్శకి వచ్చిన సూరాయమ్మ ఆ కుళ్ళాయి చూసి కదల్లేకపోయింది.

"ఓసారి ఇయ్యవే నూకాలూ. దీని లెక్క కట్టి మాదిరి చేత్తాను. లంక ఉన్నన్నాళ్ళూ ఉంటాది నీ కూతురి కుళ్ళాయి," అంది.

మంచికే అంది. నూకాలు ఇచ్చింది.

సూరాయమ్మ లెక్కపెట్టింది. నూట పన్నెండు కన్నాలు. మళ్ళీ పెట్టింది. నూట పద్దెనిమిది. మూడోసారి పెట్టింది. నూట తొమ్మిది. బుద్ధెరిగిన నాటి నుంచి ఆవిడకి లెక్క తప్పింది లేదు. పంతం పుట్టుకొచ్చింది. లేసు అంతు తెలియకపోతే అల్లేవాళ్ళు చేసే పని ఒకటే. కొస లాగి, ఒక్కో వరసా ఊడదీస్తూ లెక్కపెడతారు. సూరాయమ్మా లాగింది. ఒక వరస జారింది, రెండో వరస జారింది, ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. చూసుకునేసరికి ఒళ్ళో కుళ్ళాయి లేదు. వంకీలు తిరిగిన దారం మాత్రం ఉంది.

ఆ దారం కొంగులో పట్టుకుని ఏడుస్తూ నూకాలు ఇంటికెళ్ళింది. నూకాలు దారాన్ని చూసింది. దారం తీసుకుని అచ్చాయమ్మ గుడిసెకి నడిచింది. సూరాయమ్మ వెనకాలే వెళ్ళింది.

అచ్చాయమ్మ అప్పటికి మంచం దిగడం లేదు. వేళ్ళు కొంకర్లు పోయాయి.

"అత్తా," అంది నూకాలు. నెల్లాళ్ళ తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. "నా కూతుర్ని నాకియ్యి."

అచ్చాయమ్మ దారాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"ఓసారి అల్లింది మళ్ళీ నాకు రాదే తల్లీ. బిడ్డ మొహం చూసి అల్లేదాన్ని. ఇప్పుడెక్కడ చూడను?" వంగిన వేళ్ళతో సూది అందుకుంది. "నువ్వు చెప్పు. చూసినదానివి నువ్వే కదా."

నూకాలు మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"చెప్పు."

నూకాలు దారాన్ని వేలితో తడిమింది.

"చెప్పవే తల్లీ."

"పాలు తాగుతా తాగుతా ఆగిపోయి... నా మొహంలోకి చూసేదత్తా," అంది నూకాలు.

సూది కదిలింది.

మొదటి రోజు నూకాలు పిల్ల నవ్వు గురించి చెప్పింది. రెండో రోజు, బొటనవేలు పట్టుకుంటే గానీ నిద్రపోని సంగతి చెప్పింది. మూడో రోజు జ్వరం గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ భోరుమంది. గుడిసె ముందు లంక ఆడవాళ్ళంతా చేరారు. ఒక్కరు దగ్గితే ఒట్టు. సూరాయమ్మ మంచం పక్కనే కూర్చుని చూసింది. ఒక్క కన్నం కూడా లెక్కపెట్టలేదు. "దారం ముందు పోతా ఉంటే సూది వెనకాల పరిగెత్తిందే, నా కళ్ళతో చూశాను," అని బతికున్నన్నాళ్ళూ చెప్పేది.

కుళ్ళాయి పూర్తయింది. అది పాతదానిలా లేదు. అందరికీ తెలుస్తూనే ఉంది. నూకాలు కళ్ళు మూసుకుని అంచు చుట్టూ వేలు పోనిచ్చింది.

"ఇది మా మాణిక్యమే," అంది.

కొస ఇంకా ముడి పడలేదు. అచ్చాయమ్మ ఆ కొసని నూకాలు చేతిలో పెట్టింది. "ఈ ముడి నాది కాదు. నీకు వెయ్యాలనిపించిన్నాడు వేసుకో," అని వెనక్కి వాలింది. మళ్ళీ లేవలేదు.

నూకాలు ముడెయ్యలేదు. ఇంకో ముగ్గుర్ని కంది, మనవల్ని ఎత్తింది, పళ్ళూడిన ముసలిదయ్యింది. పోయిన రోజున ఆ కుళ్ళాయి ఆమె చేతిలోనే ఉంది. కొస వదులుగానే ఉంది. అన్నేళ్ళలో ఒక్క వరస జారలేదు.

ఇప్పటికీ ఆ లంకలో ఎవరింట్లో మనిషి పోయినా ఆడవాళ్ళు సూదీ దారం పట్టుకుని వెళ్తారు. మాదిరి తీసుకెళ్ళరు. ఊరుకోమనీ అనరు. పక్కన కూర్చుని "చెప్పు" అంటారు. చెప్పినంతసేపూ అల్లుతారు. ఏ రూపం వస్తే ఆ రూపం. లెక్కపెట్టరు. కొస ముడెయ్యకుండా చేతిలో పెట్టి వచ్చేస్తారు. కొందరు నెలకి ముడేస్తారు, కొందరు ఏడాదికి.

మా ఇంట్లోనూ ఒకటుంది, మా ఆయనది. తొమ్మిదేళ్ళయింది. నేనింకా ముడెయ్యలేదు.