పోయినవాళ్ళ పేజీ

వెబ్ పేజీలు కట్టడం నేర్పే వకుళ గారు శిష్యుల ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "చేసి చూడు" అనేవారు, అంతే. కాకినాడలో ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న భీమశంకరం ఒకనాడు ఇలా అడిగాడు: "మేడమ్, ప్రతి పెట్టెలోనూ ఫొటో చుట్టూ ఇంత జాగా వదులుతున్నాం. దానివల్ల ఒరిగేదేముంది? తీసేస్తే ఒక్క తెరలోనే అందరూ పట్టేస్తారు కదా!"

అప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నది, తుఫానులో చిక్కి తిరిగిరాని జాలర్ల కోసం మత్స్యకారుల సంఘం చేయిస్తున్న పేజీ. ఒక్కొక్కరికీ ఒక పెట్టె, పెట్టెలో ఫొటో. దాని మీద వేలు పెడితే ఆ మనిషి బతికుండగా ఇంటికి ఫోన్లో పంపిన మాట వినిపిస్తుంది. ప్రతి పెట్టెకీ పి-4 అనే క్లాసు తగిలించి ఉంది. ఆ చిన్న పేరు ఉన్నంతసేపూ ఫొటోకి నాలుగు వైపులా ఖాళీ ఉంటుంది. పి-0 అని మారిస్తే ఆ ఖాళీ పోతుంది; అంకె పెంచితే పెరుగుతుంది.

"చేసి చూడు," అన్నారు వకుళ గారు.

భీమశంకరం అంకె మార్చాడు. పెట్టెలన్నీ దగ్గరకు జరిగి ముఖాలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఒకడి చెంప ఎక్కడ ఆగిందో, పక్కవాడి చెవి ఎక్కడ మొదలైందో తెలియలేదు. అందరూ ఒకే కిటికీలోంచి తననే చూస్తున్నట్టు అతనికి అనిపించింది. అయినా తెర నిండుగా ఉందిలే అని సరిపెట్టుకున్నాడు.

మొదట ఇంటివాళ్ళకు చూపించాలని సంఘం కోరడంతో మర్నాడు ఇద్దరూ ఆ జాలర్ల ఊరు ఉప్పాడ వెళ్ళారు. సంఘం షెడ్డులో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు. మబ్బు పట్టి గాలి స్తంభించింది; సముద్రం మాత్రం గోడవతలే ఉన్నట్టు హోరుమంటోంది. ముందుగా పైడమ్మ అనే ఆవిడ, పేజీ తెరిచి ఇచ్చిన ఫోను అందుకుంది. భర్త తాతారావు ముఖం పోల్చుకుని, చేపలు కోసి కోసి మొద్దుబారిన వేలు దాని మీద ఆనించింది. వేలి కొస పక్క ఫొటో మీదికి పోయింది.

"ఒడ్డు కనపడతంది. వచ్చేత్తన్నా. తలుపు గడియ ఎయ్యకు," అంది ఫోను.

అది తాతారావు గొంతు కాదు. రికార్డులన్నీ ఎక్కించినవాడు కాబట్టి భీమశంకరానికి తెలుసు. పక్క పెట్టెలోని సత్తియ్య అనే కుర్రాడు తల్లికి పంపిన మాట అది. చెబుదామని నోరు తెరిచేలోపే పైడమ్మ బదులిచ్చేసింది.

"ఎయ్యలేదు మావా. ఆ రోజు నుంచీ ఎయ్యలేదు."

ఆవిడ మళ్ళీ అక్కడే వేలు పెట్టింది. మళ్ళీ అదే గొంతు. "గొంతు మారిపోయింది. ఉప్పునీళ్ళు కదా," అంది పక్కవాళ్ళతో. తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసి, భీమశంకరం వైపు తిరిగింది. "బాబూ, ఆళ్ళక్కడ ఇంత ఇరుగ్గా ఉన్నారా?"

మూల నుంచి ఒక ముసలావిడ గోడ పట్టుకుని లేచింది. "అది మా సత్తియ్య గొంతు. నా కొడుకు నాతో మాటాడకుండా నీతో మాటాడతన్నాడేటే?"

భీమశంకరం అక్కడే కూలబడి, లాప్‌టాప్ తెరిచాడు. మళ్ళీ పి-4 పెట్టడానికి ధైర్యం చాలక పి-12 అని కొట్టాడు. ముఖాలు విడివడి తెల్లటి ఖాళీలో దూరదూరంగా తేలాయి. పైడమ్మ చేతిలోని ఫోను తెర మీద తాతారావు ఒక్కడే మిగిలాడు. ఆవిడ వేలు పెట్టింది. ఈసారి అతనే పలికాడు: "పైడీ, అన్నం తిన్నావా? నా కోసం కూకోకు."

ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఫోను ముసలావిడకు అందించింది. ముసలావిడ తెర జరుపుతూ, జరుపుతూ కొడుకు కోసం వెతుకుతోంది.

భీమశంకరం నుదురు తుడుచుకున్నాడు. "ఇక ఇలాగే ఉంచేస్తాను మేడమ్."

వకుళ గారు లాప్‌టాప్ తెర వైపు వంగారు.

"కాస్త దగ్గరకు జరుపు," అన్నారు. "ఒకే పడవలో పోయారు."