పప్పు ఉడకని రాజమందిరం

ఒకానొక రాజ్యంలో అనే మొదలుపెడతాను గానీ, దాని పేరు మాత్రం అడక్కండి. చెబితే అక్కడి ఇళ్ళ ధర ఇంకా పడిపోతుంది. పడిపోయింది చాలు.

ఆ రాజ్యాన్ని దిగ్విజయరాయలు ఏలేవాడు. పేరుకు దిగ్విజయుడే గానీ పొలిమేర దాటి ఎరగడు. కోట వెనక హంసల కోసం ఒక కొలను తవ్వించి, ఊరి చెరువుకు వచ్చే కాలువను అటు మళ్ళించాడు. హంసలు సుఖంగా ఉన్నాయి. చెరువు ఎండిపోయింది. చెరువు ఊటే ఆధారమైన ఊరి బావులు అడుగంటి, మిగిలిన కాసిని నీళ్ళు ఉప్పుబారిపోయాయి.

పెద్దమనుషులు వెళ్ళి మొరపెట్టుకుంటే, "బావులు మీవి, నీళ్ళు మీవి. మధ్యలో నాకేమిటి సంబంధం?" అన్నాడు రాజు. ఆయన తాగేది కొండ ఊట నీళ్ళు. ఆ ఊటలో రోజుకు ఒక్క కావడే ఊరేది, అది పొద్దున్నే కోటకు వచ్చేది.

పంటలు పోయాయి, తాగే నీళ్ళు పోయాయి. ఇక ఊళ్ళో ఉండి ఏం చేస్తారు? అందరూ ఇళ్ళు అమ్మకానికి పెట్టారు.

ఆస్థానంలో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. రాజునూ సభనూ నవ్వించడం అతని కొలువు. ఇంటికొస్తే నవ్వే మొహం ఒక్కటీ లేదు. భార్య అచ్చమ్మ ఉప్పునీళ్ళు తాగి తాగి కడుపునొప్పితో మంచం పట్టింది.

"ఏమండీ, ఈ ఇల్లు ఎవరికైనా అంటగట్టండి. ఆ డబ్బుతో మా తమ్ముడి ఊళ్ళో చిన్న గుడిసె వేసుకుందాం. ఇక్కడే ఉంటే నేను ఈ ఏడు దాటను," అంది అచ్చమ్మ. తిప్పన మర్నాడే కొనేవాళ్ళను వెతకడం మొదలుపెట్టాడు.

ఆ ప్రాంతంలో ఇల్లు కొనడానికి ఒక పద్ధతుంది. కొనేవాళ్ళు గుప్పెడు కందిపప్పు వెంట తెచ్చుకుంటారు. ఆ ఇంటి బావిలో నీళ్ళు తోడి, ఆ ఇంటి పొయ్యి మీదే పప్పు పడేస్తారు. మెత్తగా ఉడికితే బేరానికి కూర్చుంటారు. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదని మీకు తెలియంది కాదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయేవారు. మర్యాదస్థులు, పోతూ పోతూ గుమ్మం బాగుందని మెచ్చుకునేవారు.

ఈ సంగతి రాజు చెవిన పడింది. పప్పు సంగతి కాదు, ఇళ్ళు అమ్ముడుపోని సంగతి.

"అమ్మడం చేతకాక," అని తేల్చేశాడు రాజు. ఆ సాయంత్రమే ఊరంతా దండోరా వేశారు.

"ఇల్లు అమ్మదలచిన వారందరూ విని నడుచుకోవలెను. గోడలకు వెల్ల వేయవలెను. అరుగులకు ఎర్రమట్టి పూయవలెను. కిర్రుమనే తలుపులకు ఆముదం పెట్టవలెను. కుక్కిమంచాలు, చిల్లు బిందెలు కంటికి కనపడరాదు. అమ్మేవారి గుర్తులేవీ ఇంట ఉండరాదు. అడుగుపెట్టగానే కొనేవారికి అది తమ ఇల్లే అనిపించవలెను. అమ్మేవారు ఏడుపు మొహంతో ఎదురుపడరాదు."

సలహా చెడ్డదని నేననను. నీళ్ళున్న ఊళ్ళో చెప్పాల్సిన సలహా.

జనం చెప్పినవన్నీ చేశారు. పిల్లల్ని ఊపిన ఉయ్యాల కొక్కేలు దూలాల్నుంచి పీకేశారు. అచ్చమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు గుమ్మం పక్కన వేసిన పసుపు చేతిముద్ర ఇంకా ఉంది. మంచం మీంచి లేచి, తనే కత్తి తెచ్చి దాన్ని గోకేసింది. తిప్పన చూడలేక వీధిలోకి వచ్చేశాడు.

వీధిలో మాత్రం ఏముంది? ఉప్పునీళ్ళతో కలిపిన సున్నం అప్పుడే పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఆ గోడల ముందు అరుగుల మీద కూర్చుని జనం నవ్వుతున్నారు, రాజుగారి ఆజ్ఞ కదా మరి. కొలువులో అన్నేళ్ళు నవ్వులే పండించిన తిప్పన ఆ నవ్వుల ముందు తల వంచుకుని నడిచాడు. కొందరు విసిగిపోయి, అమ్మకుండానే తలుపులకు తాళాలు వేసి, ఉత్తచేతులతో ఊరు విడిచి వెళ్ళిపోయారు.

ఇన్ని చేసినా ఒక్క ఇల్లూ అమ్ముడుపోలేదు. రాజుకు ఒళ్ళు మండింది.

"నా సలహా తప్పే ప్రసక్తి లేదు. వీళ్ళే సరిగ్గా పాటించడం లేదు," అన్నాడు నిండు సభలో. "వచ్చే పున్నమిలోగా ఇల్లు అమ్మలేనివాడి ఇల్లు జప్తు చేస్తాం. బుద్ధొస్తుంది."

తిప్పన లెక్క వేసుకున్నాడు. గుడిసె మాట దేవుడెరుగు, ఉన్న గూడూ పోయేట్టుంది. అయినా మొహాన నవ్వు పులుముకుని లేచాడు.

"మహాప్రభూ, జనం తమరి సలహా చెవులతో విన్నారే గానీ కళ్ళతో చూడలేదు. తమరే స్వయంగా ఒక్క ఇల్లు అమ్మి చూపిస్తే, చూసి నేర్చుకుంటారు."

రాజుకు ఆ మాట తేనెలా తగిలింది. ఊరి మధ్యన ఆయనకు వసంతమందిరం అనే పాత మేడ ఉంది. అదే అమ్మి చూపిస్తానన్నాడు.

మర్నాటి నుంచీ తిప్పన ఆ మేడ మీద దండోరాను అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాడు. వెల్ల వేయించాడు, తలుపులకు ఆముదం పెట్టించాడు. సింహద్వారం మీది రాజముద్రను చెక్కేయిస్తుంటే రాజు గతుక్కుమన్నాడు.

"అది మా తాతగారు పెట్టించింది."

"అమ్మేవారి గుర్తులు ఉండరాదని తమరి ఆజ్ఞ. జనం చూస్తున్నారు ప్రభూ."

రాజు చేత్తోనే కానిమ్మన్నాడు. తర్వాత తిప్పన ఆయన కిరీటం తీయించాడు, పట్టుబట్టలు మార్పించి నేతపంచె కట్టించాడు. చివరికి రాయలవారు ఓ మోస్తరు గృహస్థులా తయారయ్యారు. "నవ్వండి," అన్నాడు తిప్పన. రాజు నవ్వాడు.

దూరపు రేవుపట్నం నుంచి గురవయ్య సెట్టి అనే వర్తకుడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. తిప్పనే కబురు పంపాడు, అమ్మేది ఎవరో మాత్రం చెప్పలేదు. రాజు ఆయనకు చెక్కడాల స్తంభాలు, పాలరాతి మెట్లు చూపించి గంటసేపు వర్ణించాడు. సెట్టి అన్నిటికీ తలూపి, "మా అమ్మ ఊఁ అనాలండి," అన్నాడు.

ఆ తల్లి కామాంబ ఒక్క స్తంభం వంకా చూడలేదు. "వంటిల్లెక్కడ నాయనా?" అని అడిగి, వెళ్ళి బావిలో నీళ్ళు తోడించింది. కొంగుముడి విప్పి గుప్పెడు కందిపప్పు కుండలో పోసి, పొయ్యి ముందు పీట వేసుకు కూర్చుంది.

కట్టెలు కాలాయి. మళ్ళీ తెచ్చారు, అవీ కాలాయి. రాజు నవ్వుతూనే నిలబడ్డాడు. దవడలు లాగుతున్నా నవ్వు ఆపడానికి లేదు, కిటికీల దగ్గర ఊరంతా నిలబడి నేర్చుకుంటోంది.

కామాంబ ఒక బద్ద తీసి నొక్కి చూసింది. "ఇల్లు బంగారంలా ఉంది నాయనా. పప్పు రాయిలా ఉంది. నేను బంగారం తిననుగా."

రాజు పక్కకు వెళ్ళి భటుడి చెవిలో ఏదో ఊదాడు. కాసేపటికి కోట నుంచి కావడి నీళ్ళు వచ్చాయి. వాటితో మళ్ళీ పెడితే పప్పు చక్కగా ఉడికింది.

"ఈ నీళ్ళెక్కడివి?" అంది ముసలమ్మ.

"కొండ ఊటవి," అన్నాడు రాజు గొప్పగా.

"అయితే కొండ కూడా ఇంటితో పాటు రాసిస్తావా?"

రాజు మొహాన నవ్వు జారిపోయింది. కామాంబకు జాలేసింది. "బాధపడకు. నీ ఇంటి తప్పేం లేదు. వస్తూ దారిలో చూశాను, కాలువను ఎవరో చెరువు నుంచి పక్కకు మళ్ళించారు. పచ్చగా ఉన్న ఊరికి ఇలా నీళ్ళు లేకుండా చేసినవాడెవడో, వాడిది తప్పు. మీ రాజుతో చెప్పుకోలేకపోయారా?"

"చెప్పుకున్నామమ్మా," అన్నాడు తిప్పన. "ఆయనేమన్నాడో, ఇదిగో, ఈ ఇంటాయన్నే అడగండి. దగ్గరుండి విన్నారు."

అందరూ రాజు వంక చూశారు. నేతపంచెలో ఉన్న దిగ్విజయరాయలికి ఆ క్షణాన ఎటు పోవాలో తోచలేదు. "బావులు మీవి, నీళ్ళు మీవి అన్నాడు," అని మెల్లగా గొణిగాడు.

కామాంబ పీట మీంచి లేచింది. "అట్లా అన్నాడా? అయితే అమ్ముకుందామని కాలయాపన చెయ్యకు నాయనా. ఉన్నది ఉన్నట్టు వదిలేసి, పెళ్ళాంబిడ్డల్ని తీసుకుని పారిపో."

తల్లీ కొడుకులు బండెక్కి వెళ్ళిపోయారు. రాజు పొయ్యి ముందు ఆ పీట మీదే కూలబడ్డాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, ఈసారి దండోరా కోసం కాదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"నా రాజ్యంలోంచి నన్నే పారిపొమ్మనిపించావురా తిప్పనా. జప్తు ఆజ్ఞ రద్దు చేస్తున్నాను. ఈ మేడ నీకు బహుమానం."

"మహాప్రభూ, ఒక ఇల్లు అమ్మలేకే చస్తున్నాను. రెండోది కూడానా?"

రాజు మళ్ళీ పగలబడి నవ్వాడు. "సరే, ఏం కావాలో నువ్వే కోరుకో."

"తమరి కొండనీళ్ళ కావడి. రేపటి నుంచి అది మా ఇంటికి రావాలి."

"ఓస్, ఇంతేనా? ఇచ్చాం," అన్నాడు రాజు.

మర్నాడు కావడి అచ్చమ్మ గుమ్మం ముందు దిగింది. ఆమె ఒక చెంబు తాగి, మిగిలింది వీధివాళ్ళకు పంచింది. హంసల కొలను నీళ్ళు వంటకు పనికిరావు కనుక, ఆ పూట కోటలో వంటవాళ్ళు ఊరి బావి నీళ్ళే వాడారు. రాజుగారి పప్పు ఉడకలేదు. పొద్దు వాలకముందే కొలను గట్టు కొట్టి, కాలువను చెరువులోకి తిప్పారు.

బావులు అంత తొందరగా తీపెక్కవు. వానాకాలం వచ్చి వెళ్ళింది, ఇంకోటి వచ్చింది. అచ్చమ్మ నెమ్మదిగా కోలుకుంది. తాళాలు వేసిన ఇళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చూడలేక రాజు చుట్టుపక్కల రాజ్యాలకు దండోరా పంపాడు, నీళ్ళొచ్చాయి, తిరిగి రండని.

ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు దండోరా అంతా విని ఒకే మాట అడిగారట: "ఇప్పుడు రాజుగారు ఏ నీళ్ళు తాగుతున్నారు?"

"ఊరి బావి నీళ్ళే," అన్నారు భటులు. అది నిజమే. ఆ జవాబు అబద్ధం కాకూడదని దిగ్విజయరాయలు బతికున్నంత కాలం ఇక కొండనీళ్ళు ముట్టలేదు. అయినా కొందరే నమ్మారు. కొందరే వచ్చారు.